నాట్యాచార్య శ్రీ వెంపటి చినసత్యము గారి జీవితము

మన కోకాపేటకు గోలకొండ కోట మూడు నాలుగు కోసుల దూరమున కలదు. ఆ కోటను ఏలిన కుతుబ్‌షాహీ సుల్తానులలో కడపటివాడైన అబుల్ హసన్ తానీషా 1672 మొదలు 1687 వరకు రాజ్యము చేసెను. భక్త రామదాసు కథ వలన ఆ పేరు మనకు చిన్ననాటి నుండియు తెలిసినదే. ఆ తానీషా ఒకప్పుడు కృష్ణానదీ ప్రాంతమున పర్యటించుచు భాగవతుల ప్రదర్శనమును చూచి ఆనందించి, కూచిపూడి గ్రామమును ఆ కళాకారులకే దానముగా ఇచ్చెనని పెద్దలు చెప్పుదురు. కావున ఎక్కడనో కృష్ణా మండలములోని ఆ చిన్న ఊరికిని, మన గోలకొండ సీమకును గల సంబంధము నేటిది కాదు. ఆ ఊర నిరుపేద ఇంట పుట్టి, దేశదేశముల రంగస్థలములకు తెలుగు నాట్యమును కొనిపోయిన మహనీయుడు శ్రీ వెంపటి చినసత్యము గారు. వారు కీర్తిశేషులై ఇప్పటికి ఒక పుష్కరకాలము దాటినది.

గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు ఒక నర్తకుని జీవితమునకు చోటేమని పాఠకులు తలంపవచ్చును. దానికి కారణము కలదు. ఒకరి ఇంటి బీరువాలో నిలిచిపోవు పుస్తకమును ఊరి బాలురందరి చేతికి అందించుటయే గ్రంథాలయము చేయు పని. చినసత్యము గారు చేసినదియు అట్టి పనియే. కొన్ని కుటుంబముల లోగిళ్లలో మాత్రమే నిలిచియుండిన విద్యకు వారు తలుపులు తెరచి, నేర్వగోరిన వారికెల్ల దానిని అందించిరి. అందులకై వారు పడిన శ్రమయు, వినవలసి వచ్చిన మాటలును తెలిసికొనదగినవి.

భాగవతుల ఊరు

కూచిపూడి గ్రామము కృష్ణాజిల్లాలో, పదకర్త క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వకు సమీపమున ఉన్నది. వెంపటి, వేదాంతం, చింతా, భాగవతుల, పసుమర్తి, మహంకాళి మొదలగు ఇంటిపేర్లు గల బ్రాహ్మణ కుటుంబములు అచ్చట తరతరములుగా నాట్యమునే వృత్తిగా చేసికొని జీవించుచు వచ్చినవి. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి ఆ బాలురకు నేర్పెననియు, ఆ ఊర పుట్టిన ప్రతి మగబిడ్డయు జీవితమున ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని నియమము చేసెననియు ప్రతీతి. ఆ సంప్రదాయమున నర్తించువారందరును పురుషులే. సత్యభామ, రుక్మిణి, ఉష మొదలగు స్త్రీపాత్రలను గూడ పురుషులే ధరింతురు. ఆ ఇండ్ల ఆడుబిడ్డలు పాటలను విని, జతులను విని, మనసులో నిలుపుకొన్నను, కాలికి గజ్జె కట్టుటకు వారికి అనుమతి లేకుండెను.

భాగవతుల మేళము ఊరూరు తిరిగెడిది. పంటలు ఇంటికి చేరిన పిమ్మట ఏదో ఒక గ్రామమున గుడి ముందరనో, నాలుగు వీథుల కూడలియందో పందిరి వేసి, దివిటీల వెలుగున రాత్రి తెల్లవారువరకు ఆడెడివారు. సూత్రధారుడు తాళములు పట్టి నడిపింప, మృదంగము మ్రోయ, తెర మీదుగా సత్యభామ తన జడను వ్రేలాడవేసినంతనే జనులు నిద్రమత్తు వదలి కూర్చుండెడివారు. పాట, మాట, ఆట మూడును అందు కలిసియుండెను. ఊరి పెద్దలు ఇచ్చిన ధాన్యము, వస్త్రములు, చదివింపులు వారి రాబడి. అది ఏడాది పొడుగునను ఇల్లు గడుపుటకు చాలెడిది కాదు.

చినసత్యము గారు పుట్టిన కాలము ఆ వృత్తికి మరియు గడ్డుకాలము. నాటక సమాజములు పట్టణములను ఆకర్షించుచుండెను. 1932 లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వెలువడెను. ఆపై గ్రామీణులు గూడ టెంటు సినిమాలకు మరలిరి. రాత్రియంతయు మేలుకొని కలాపము చూచు వారు తగ్గిరి. మేళములకు పిలుపులు తగ్గెను. నాట్యము నేర్చినను కడుపు నిండదని తెలిసియు బిడ్డకు నేర్పుటయా, మానుటయా అను ప్రశ్న ఆ ఊరి ప్రతి ఇంటను పుట్టెను.

బాల్యము, గురుశుశ్రూష

అట్టి దినములలో, 1929 వ సంవత్సరము అక్టోబరు 15 వ తేదీన, వెంపటి చలమయ్య, వరలక్ష్మమ్మ దంపతులకు చినసత్యము గారు జన్మించిరి. ఆ ఇంట పొలము పుట్రలు లేవు. ఉన్న ఆస్తి ఇంటిపేరుతో వచ్చిన విద్య యొక్కటియే. ఆ విద్యయైనను ఊరక రాదు. తెల్లవారుజామున లేచి అడవులు సాధించుట, తాళము తప్పక జతులు చెప్పుట, సంగీతము నేర్చుట, సంస్కృత శ్లోకములు వల్లించుట ఆ ఊరి బాలుర దినచర్య. గురువునకు ఇచ్చుటకు ధనము లేని బాలుడు సేవచేసి విద్య గడించుట ఆనాటి మర్యాద.

చినసత్యము గారు మొదట తాడేపల్లి పేరయ్యశాస్త్రి గారి యొద్ద నాట్యము నేర్చిరి. పిమ్మట వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారి శిష్యులైరి. శాస్త్రిగారు పదాభినయమున సాటిలేనివారు. ఒక్క పదమును పట్టుకొని, కన్నుల కదలిక చేతను, కనుబొమల విరుపు చేతను దాని అర్థమును పలువిధముల చూపగల విద్వాంసులు. మేళముతో పనిలేకుండ ఒక్కరే నర్తించు పద్ధతికిని, స్త్రీలకు ఈ నాట్యమును నేర్పుటకును దారి తీసిన వారిలో వారు ముఖ్యులు. గురువు వేసిన ఆ విత్తనమే శిష్యుని చేతిలో పిమ్మట వృక్షమైనది. వరుసకు అన్నగారైన వెంపటి పెదసత్యము గారి యొద్దను చినసత్యము గారు మెలకువలు గ్రహించిరి.

చెన్నపురికి ప్రయాణము

పెదసత్యము గారు అప్పటికే మద్రాసు చేరి చలనచిత్రములకు నృత్యములు కూర్చుచుండిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆ ప్రాంతమున, ఇరువది ఏండ్లయినను నిండని చినసత్యము గారును ఇల్లు విడచి మద్రాసునకు బయలుదేరిరి. రైలు టిక్కెట్టునకు చేతిలో డబ్బులు లేక, రైలుపట్టాల వెంబడి కాలినడకన పోయిరని వారి శిష్యులు నేటికిని చెప్పుకొందురు. బెజవాడ నుండి మద్రాసునకు రైలుదారి నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటయే. కడుపు చేతబట్టుకొని పట్టణములకు వలసపోయిన మన తాతల కథలు విన్నవారికి ఆ నడక ఎట్టిదో వివరింప నక్కరలేదు.

మద్రాసున వారు అన్నగారికి సహాయకులై చిత్రసీమలో పనిచేసిరి. తారలకు అడుగులు నేర్పుట, కెమెరా ముందు నిలుచు బృందమును తీర్చుట, దర్శకుడు కోరిన రెండు మూడు నిమిషములలో పాటకు తగిన నృత్యము ముగియునట్లు కూర్చుట వారి పని. రాత్రి పొడుగున సాగు కలాపమునకు అలవడిన వారికి ఇది క్రొత్త పాఠము. ఏది ముఖ్యము, ఏది అనవసరము, ఎక్కడ చూపరి దృష్టి నిలుచును, ఎక్కడ చెదరును అను వివేకము వారికి అచ్చటనే అబ్బియుండును. ఈ వివేకము పిమ్మట వారి నృత్యనాటకములలో స్పష్టముగా కానవచ్చును.

ఆనాటి మద్రాసును గూర్చి ఒక మాట చెప్పవలెను. రష్యా దేశమున 1881 లో, బట్టలుదికి జీవించు ఒక పేదరాలికి పుట్టిన అన్నా పావ్లోవా, బాలే అను పడమటి నాట్యమున లోకోత్తర కీర్తి గడించి, 1920 దశకమున మన దేశమునకు గూడ వచ్చెను. మద్రాసునకు చెందిన రుక్మిణీదేవి అరండేలు ఆమె వలన బాలే యందు ఆసక్తి గొని, ఆమె ప్రోత్సాహముననే మన దేశపు నాట్యము వైపు దృష్టి మరల్చెను. ఆమె 1936 లో అడయారున కళాక్షేత్రమును స్థాపించెను. అంతకుముందు నాట్యమన్న మొగము త్రిప్పుకొను గృహస్థులు, ఆ పిమ్మట తమ ఆడుబిడ్డలకు నాట్యము నేర్పుట గౌరవముగా భావింప సాగిరి. చినసత్యము గారు మద్రాసున అడుగిడునాటికి ఆ మార్పు వచ్చియుండెను. అయితే ఆ గౌరవము భరతనాట్యమునకు దక్కినంతగా కూచిపూడికి దక్కలేదు. 1958 లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ వారు జరిపిన నాట్యసదస్సులో కూచిపూడి శాస్త్రీయ నృత్యమగునా, కాదా అను చర్చయే జరిగెను. తరతరములుగా ఊరంతయు ప్రాణముగా కాపాడిన విద్యను పరుల ముందు రుజువు చేయవలసివచ్చుట తెలుగువారికి ఎంత బాధాకరమో ఊహింపవచ్చును. విద్వాంసులు కొందరు గ్రంథముల ఆధారములతో వాదించిరి. చినసత్యము గారు రంగస్థలము మీదనే సమాధానము చెప్పదలచిరి.

అకాడమీ, నృత్యనాటకములు

శ్రీకృష్ణ పారిజాతముతో ఆరంభించి వారు నృత్యనాటకములను కూర్పసాగిరి. తెలుగునాట జనులు వీనిని బాలేలు అని పిలిచెడివారు. 1963 లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిరి. చలనచిత్రములనే నమ్ముకొనియున్నచో వారికి ధనమునకు లోటుండెడిది కాదు. అట్టి దారిని విడచి, నెల నెలా అద్దె కట్టుకొనవలసిన పాఠశాలను వారు ఎన్నుకొనిరి. చిన్నగా మొదలైన ఆ సంస్థ క్రమముగా పెరిగి, గ్రీన్‌వేస్ రోడ్డున స్వంత భవనము గలదయ్యెను.

క్షీరసాగర మథనము, చండాలిక, పద్మావతీ శ్రీనివాస కల్యాణము, హరవిలాసము, రుక్మిణీ కల్యాణము, కిరాతార్జునీయము, శాకుంతలము, రామాయణము, అర్ధనారీశ్వరము మొదలుగా పండ్రెండుకు మించిన నృత్యనాటకములను వారు రూపొందించిరి. వీనిలో పెక్కింటికి సాహిత్యము కూర్చినవారు కావలి జవహర్ భారతి కళాశాలలో తెలుగు బోధించిన కవి శ్రీ ఎస్. వి. భుజంగరాయశర్మ గారు. సాలూరు సంగీత కుటుంబమునకు చెంది, ఘంటసాల వారికి చిరకాలము సహాయకులుగా పనిచేసిన శ్రీ పట్రాయని సంగీతరావు గారు పిమ్మట అకాడమీలో చేరి సంగీతమును సమకూర్చిరి. కవి, గాయకుడు, నాట్యాచార్యుడు ఒక్కచోట కూర్చుండి, పదము పాటకును, పాట అడుగునకును సరిపోవువరకు పనిచేయుట వలన ఆ రచనలకు నిండుదనము వచ్చెను.

వీరు చేసిన మార్పు ఎట్టిదో కొంచెము వివరింతును. పాత మేళమున పాత్రధారులే సంభాషణములు పలికెడివారు. హాస్యము, ప్రసంగము, ఊరి ముచ్చటలు గూడ నడుమ నడుమ వచ్చెడివి. చినసత్యము గారు మాటను చాలవరకు తగ్గించి, కథనంతటిని పాట మీదను, అభినయము మీదను నడపిరి. తెల్లవారువరకు సాగు ఆటను రెండు మూడు గంటలకు కుదించిరి. అరమండి, చేతుల నిడివి, మెడ నిలుపు, పాదము నేలను తాకు తీరు మున్నగువానికి కచ్చితమైన కొలతలు ఏర్పరచిరి. అడవులను వరుసక్రమమున అమర్చి, మొదటి దినమున ఏమి నేర్పవలెను, ఏడాది నిండునప్పటికి ఏమి రావలెను అను పాఠక్రమమును సిద్ధపరచిరి. ఇంటివాడు కానివాడు గూడ క్రమముగా నేర్చుకొనుటకు వీలు కలిగినది ఇందుచేతనే. తండ్రిని చూచి కొడుకు నేర్చు విద్యకు పాఠక్రమముతో పనిలేదు. ఊరు కాని ఊరినుండి, ఆ సంప్రదాయమే యెరుగని ఇంటినుండి వచ్చు బాలికకు అది లేనిదే సాగదు.

స్త్రీలకు ప్రవేశము

చినసత్యము గారి జీవితమున ముఖ్యమైన ఘట్టమిదియే. వారి పాఠశాలలో చేరినవారిలో ఎక్కువమంది బాలికలు. కులమేదని గాని, ఊరేదని గాని వారు చూడలేదు. కూచిపూడి ఇండ్లలో పుట్టిన ఆడుబిడ్డలకే లేని అధికారమును, వారు పరాయి ఇండ్ల ఆడుబిడ్డలకు కల్పించిరి. అనకాపల్లిలో పుట్టిన శోభానాయుడు గారు బాల్యముననే మద్రాసు చేరి వారియొద్ద విద్య నేర్చి, సత్యభామ పాత్రకు మారుపేరయిరి. ఆమె పిమ్మట హైదరాబాదున కూచిపూడి ఆర్ట్ అకాడమీని చిరకాలము నడపి, 2020 లో దివంగతులగునంతవరకు వందల కొలది శిష్యులను తీర్చిదిద్దిరి. 1980 లో వచ్చిన శంకరాభరణము చిత్రము వలన ఇంటింట తెలిసిన మంజుభార్గవి గారు, నటి హేమమాలిని గారు మున్నగువారును వారి శిష్యులే.

ఇందు ఒక విశేషమును పాఠకులు గమనింపవలెను. పూర్వము కూచిపూడిలో పురుషుడు జడ వేసికొని సత్యభామ అగుచుండెను. చినసత్యము గారి రంగస్థలమున మంజుభార్గవి గారు జటాజూటము ధరించి శివుడైరి, కిరీటము ధరించి శ్రీనివాసుడైరి. వేషము మారినను మూలసూత్రము మారలేదు. పాత్ర శరీరమునందు లేదు, సాధనయందు కలదు అని సిద్ధేంద్రుని నియమము పురుషులకు నేర్పిన పాఠమునే చినసత్యము గారు స్త్రీలకు వర్తింపజేసిరి.

చండాలిక నృత్యనాటకమును గూర్చియు చెప్పవలెను. రవీంద్రనాథ టాగూరు గారి రచనపై ఆధారపడిన కథ అది. అంటరానిదని లోకము దూరముంచిన ప్రకృతి యను బాలికను, ఆనందుడను బౌద్ధభిక్షువు దాహమునకు నీరడుగును. ఆ ఒక్క అడుగుటతో ఆమె తానును మనుష్యురాలనేయని తెలిసికొనును. కొన్ని బ్రాహ్మణ కుటుంబముల పురుషులకే పరిమితమైయుండిన విద్య, ఒక దళిత బాలిక కథను, అన్ని కులముల ఆడుబిడ్డల చేత, ఊరందరి యెదుట చెప్పించినది. ఇంతకంటె మార్పునకు సాక్ష్యమేమి కావలెను?

విమర్శలు

వారు చేసిన పనినందరును మెచ్చలేదు. మాటను తగ్గించుట వలన భాగవతము భాగవతము కాకపోయెనని కొందరనిరి. పల్లెవాసన పోయి పట్టణపు నాజూకు వచ్చినదనియు, భరతనాట్యపు పోలికలు చేరినవనియు మరికొందరనిరి. సొంత ఊరి పెద్దలలోను ఆడుబిడ్డల చేత ఆడించుట పొసగదని భావించినవారుండిరి. ఈ మాటలలో కొంత నిజము లేకపోలేదు. ఊరి కూడలిలో దివిటీల వెలుగున, సూత్రధారుని చమత్కారములతో సాగు ఆ ఆట యొక్క సొగసు వేరు. స్త్రీలే స్త్రీపాత్రలను ధరింప మొదలిడిన పిమ్మట, స్త్రీవేషమున జీవితమంతయు సాధన చేసిన పురుషులకు పిలుపులు తగ్గిపోయెను. ఆ విద్యకు పరాకాష్ఠయైన శ్రీ వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా రంగమున నిలిచినప్పుడు, ఆమె పురుషుడని నమ్ముట చూపరులకు కష్టమయ్యెడిది. శర్మగారును 2012 లోనే కీర్తిశేషులైరి. వారి వంటివారు మరల పుట్టుట దుర్లభము.

ఒకటి నిలుపుకొనుటకు మరియొకటి విడువవలసివచ్చుట ఈ లోకమున సామాన్యము. మేళములకు పిలుపులే లేని కాలమున, తలుపులు మూసికొని కూర్చున్నచో నాట్యము ఆ ఊరి ముసలివారితోడనే అంతరించియుండెడిది. చినసత్యము గారు వాకిలి తెరచిరి. గాలితోబాటు కొంత దుమ్మును వచ్చియుండవచ్చును. కాని ఇల్లు నిలిచినది. నేడు పాత మేళపు పద్ధతిని ప్రేమించి, దానిని మరల వెదకి నేర్చుకొనుచున్నవారు గలరు. ఆ విద్యయందు అంతమందికి ఆసక్తి పుట్టుటకు చినసత్యము గారి కృషియే ముఖ్య కారణములలో ఒకటియని నా అభిప్రాయము.

దేశదేశములయందు కీర్తి

1967 లో సంగీత నాటక అకాడమీ పురస్కారము వారికి లభించెను. కూచిపూడి శాస్త్రీయమా యని ఢిల్లీలో చర్చ జరిగి అప్పటికి తొమ్మిదేండ్లు మాత్రమే అయినది. మధ్యప్రదేశ్ ప్రభుత్వము వారు కాళిదాసు సమ్మానమునిచ్చిరి. 1998 లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. నేడు మన దేశపు శాస్త్రీయ నృత్యములలో కూచిపూడి స్థానమును గూర్చి ప్రశ్నించువారు లేరు.

వారి బృందము అమెరికా, ఐరోపా మున్నగు దేశములలో ప్రదర్శనములిచ్చెను. ఒకప్పుడు టిక్కెట్టునకు డబ్బులు లేని మనిషి విమానములలో సముద్రములు దాటెను. అయితే ప్రదర్శనములకంటెను శాశ్వతమైన పని వారి శిష్యులు చేసిరి. పెండ్లి చేసికొనియో, ఉద్యోగరీత్యా కుటుంబముతోడనో పరదేశములకు పోయిన శిష్యురాండ్రు అచ్చటనే పాఠశాలలు తెరచిరి. అట్లాంటా నగరమున శశికళ పెనుమర్తి గారును, వాషింగ్టను ప్రాంతమున అనురాధా నెహ్రూ గారును నడపుచు వచ్చిన సంస్థలు ఇందులకు ఉదాహరణములు. తెలుగు సరిగా పలుకలేని పిల్లలు గూడ అచ్చట సత్యభామ పలుకులకు అర్థమడిగి తెలిసికొని, భాషను కొంత, సంస్కృతిని కొంత నేర్చుకొనుచున్నారు. మన ప్రాంతమునుండి అమెరికాకు పోయిన కుటుంబములవారికి ఈ సంగతి స్వానుభవమే.

చివరి దినములు

2010 డిసెంబరు మాసమున మనకు రెండు మూడు కోసుల దూరముననే యున్న గచ్చిబౌలి క్రీడాప్రాంగణమున అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనము జరిగెను. దేశవిదేశములనుండి వచ్చిన 2800 మందికి పైగా నర్తకులు ఒక్కసారిగా, ఒక్క తాళమునకు, హిందోళ తిల్లానా నర్తించిరి. అది గిన్నిస్ ప్రపంచ రికార్డుల గ్రంథమున కెక్కెను. ఆ తిల్లానా చినసత్యము గారి బాణీలో లోకమునకు పరిచితమైనది. అప్పటికి వారికి 81 ఏండ్లు. ఆ ప్రాంగణమున గజ్జె కట్టినవారిలో అధికసంఖ్యాకులు బాలికలే. ఒకప్పుడు ఒక్క ఊరి పురుషులకే చెల్లిన విద్య ఎంత దూరము నడచివచ్చినదో ఆనాడు మన ముంగిటనే కనబడినది.

2012 జులై 29 వ తేదీన చెన్నపట్టణమున, తమ 82 ఏండ్ల వయస్సున, వారు పరమపదించిరి. నిలువ నీడలేక వచ్చిన పట్టణముననే వారు వందలాది శిష్యులకు నీడయై, ఆ నీడను వదలి వెడలిరి.

మనము గ్రహింపవలసినది

మన కోకాపేట గడచిన పాతికేండ్లలో ఎట్లు మారినదో మనమందరము కన్నులార చూచితిమి. జొన్న చేలు, మేకల బీళ్లు ఉన్నచోట ఆకాశమునంటు సౌధములు లేచినవి. 2023 లో ఇచ్చటి భూమి వేలమున ఎకరమునకు నూరు కోట్ల రూపాయలను మించి పలికినది. భూమి ఉన్నవారు కొందరు ధనికులైరి. అమ్ముకొనినవారు కొందరు అది చేజారినదని విచారించిరి. భూమియే లేనివారు చూచుచు నిలిచిరి. ఆస్తి యనగా భూమి మాత్రమేయని మన పిల్లలు తలంచుటలో ఆశ్చర్యము లేదు.

చినసత్యము గారికి సెంటు భూమి లేదు. వారికి సంక్రమించిన ఆస్తిని అమ్ముటకు వీలు లేదు, పంచినకొలది పెరుగుట దాని స్వభావము. దానిని దాచుకొనియున్నచో వారితోడనే పోయెడిది. పంచిరి కనుక లోకమంతయు నిండినది. పేదరికము విద్యకు అడ్డు కాదని చెప్పుట సులభమే గాని, అది నిజము కాదు. అది అడ్డే. ఆ అడ్డును దాటుటకు అన్నగారి ఇల్లు, గురువుగారి దయ, రాగల శిష్యుల నమ్మకము వారికి తోడ్పడెను. ఏ బాలునికైనను, బాలికకైనను అట్టి తోడ్పాటు కావలెను. ఊరిలో ఒక గ్రంథాలయము ఉండుట, దాని తలుపు సాయంకాలము తెరచియుండుట, లోపలికి వచ్చిన పిల్లవానిని ఎవరింటి వాడవని అడుగకుండ పుస్తకమునిచ్చి కూర్చుండబెట్టుట, ఇవియు అట్టి తోడ్పాటులే.

ఇరువదియైదు సంవత్సరములు ఆ తలుపును తెరచియుంచిన మన గ్రంథాలయ నిర్వాహకులకును, చందాదారులకును నమస్కారములు. ఈ సంచికను చదువు పిల్లలలో ఎవరు ఏ విద్యకు ఒడిగట్టుదురో ఇప్పుడే చెప్పలేము. వారికి దారి దూరమైనను, నడచి పోయినవారు మనకు ముందే గలరని తెలిసిన చాలును. కాలినడకన బయలుదేరిన కూచిపూడి బాలుని కథ వారికి ధైర్యము కలిగించుగాక యని కోరుచు విరమింతును.